ఇంటి పెరట్లో జీపు ఇంజన్ పని: మొదటి బోల్టు విప్పేలోపు చేసుకోవలసిన ఏర్పాట్లు

ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ వైపు ఊళ్లలో నాలుగు సిలిండర్ల పాత డీజిల్ జీపులు ఇప్పటికీ రోజూ తిరుగుతున్నాయి. సంతకు మనుషులను, కొండమీది నుంచి చింతపండు, జీడిపిక్కల బస్తాలను మోస్తూ, ఎత్తుల మీద రెండో గేరులో గంటల తరబడి లాగే ఈ బండ్లకు ఏదో ఒక రోజు ఇంజన్ పని తప్పదు. షెడ్డులో వదిలేస్తే ఎప్పటికి వస్తుందో తెలియదు కాబట్టి, చేతిపని కొంత తెలిసినవాళ్లు ఇంటి దగ్గరే చేసుకోవాలనుకుంటారు. అది సాధ్యమే. నేను మా పెరట్లో రెండు ఇంజన్లు కట్టాను. మొదటి దానికి అయిదు నెలలు పట్టింది, రెండో దానికి అయిదు వారాలు పట్టింది. ఆ రెండింటి మధ్య నా చేతి నైపుణ్యం అంతగా ఏమీ పెరగలేదు. రెండోసారి మాత్రం స్పానర్ పట్టకముందే ఒక నోటుపుస్తకం కొని, పనినంతా అందులో వరసగా రాసుకున్నాను. ఆ పుస్తకంలో ఏమి రాయాలో, ఏ వరసలో రాయాలో ఇక్కడ వివరిస్తాను.

ఇంజన్ నిజంగా విప్పవలసినదేనా?

పొగ ఎక్కువైతే చాలు, బోరుకు వచ్చిందనే మాట, అంటే సిలిండర్లు అరిగి కోయించవలసి వచ్చిందనే మాట, వినిపిస్తుంది. ఆ మాట మీద ఇంజన్ విప్పకండి. నల్లపొగ వస్తుంటే డీజిల్ ఎక్కువ పడుతున్నట్టు, లేదా గాలి చాలడం లేదన్నట్టు. ముందుగా ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేసి, నాజిళ్లను (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) డీజిల్ పంపులు బాగుచేసే పంపు షాపులో చూపించాలి. చలిలో స్టార్ట్ చేసినప్పుడు కాసేపు తెల్లపొగ రావడం మామూలే. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకుండా, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే ఇంజన్ బ్లాకుకు, పైమూతకు (హెడ్) మధ్య ఉండే హెడ్ పేకింగ్‌ను అనుమానించాలి. నీలం రంగు పొగ వస్తూ, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం వారం వారం పడిపోతూ, బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి ఆవిరి బయటికి వచ్చే గొట్టం) దగ్గర చెయ్యి పెడితే వేడి ఆవిరి దమ్ముగా తగులుతుంటే అప్పుడు పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, సిలిండర్ లోపలి గొట్టాలైన లైనర్ల సంగతి ఆలోచించాలి. అయితే నీలం పొగకు వాల్వు గైడ్ల (వాల్వు కాడలు జారే గొట్టాల) అరుగుదల కూడా కారణం కావచ్చు, అప్పుడు హెడ్ ఒక్కటి దించితే సరిపోతుంది.

తరువాత కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కినప్పుడు సిలిండర్లో పుట్టే ఒత్తిడి, కొలవాలి. పెట్రోలు బండి గేజి దీనికి పనికిరాదు. డీజిల్ ఇంజన్ ఒత్తిడిని తట్టుకునే గేజి కావాలి, పంపు షాపులో అడిగితే దొరుకుతుంది. నాలుగు సిలిండర్ల అంకెలను రాసుకుని, మాన్యువల్‌లో ఉన్న కనీస అంకెతో పోల్చాలి. వాటి మధ్య పది పదిహేను శాతం మించి తేడా ఉన్నా కారణం వెతకాలి. పెట్రోలు ఇంజన్లలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిచే పద్ధతి ఒకటి ఉంది. డీజిల్ ఇంజన్‌లో దాన్ని నమ్మకూడదు. పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీ చాలా చిన్నది కాబట్టి, పోసిన ఆయిలే ఆ ఖాళీని నింపి అంకెను పెంచేస్తుంది. ఎక్కువ పోస్తే కనెక్టింగ్ రాడ్డు వంగే ప్రమాదం కూడా ఉంది.

అంతకన్నా మంచి పరీక్ష గాలితో చేసేది. పాడైన హీటర్ ప్లగ్గుకు (చలిలో ఇంజన్ స్టార్ట్ కావడానికి వేడినిచ్చే ప్లగ్గుకు) మధ్యలో రంధ్రం వేయించి, టైరు గాలి పైపు తగిలేలా లేత్ షాపులో ఒక నిప్పిల్ చేయించుకోవాలి. పరీక్షించే సిలిండర్ పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోకు పైకొసకు తెచ్చి, బండిని గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు పెట్టి, ఫ్యానుకు దూరంగా నిలబడి గాలిని మెల్లగా వదలాలి. ఇక చెవే గేజి. ఎయిర్ ఫిల్టర్ వైపు బుస్సుమంటే లోపలి వాల్వు, సైలెన్సర్ గొట్టంలో వినిపిస్తే బయటి వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు, రేడియేటర్‌లో బుడగలు లేస్తే హెడ్ పేకింగ్ లేదా హెడ్‌లో పగులు. మూత దగ్గర కొద్దిపాటి చప్పుడు మంచి ఇంజన్‌లో కూడా ఉంటుంది, కాబట్టి నాలుగు సిలిండర్లను ఒకదానితో ఒకటి పోల్చి చూడండి.

ఆయిల్ ఒత్తిడిని డ్యాష్‌బోర్డు లైటు చూసి నిర్ణయించకుండా, ఇంజన్ బాగా వేడెక్కాక విడి గేజి తగిలించి చూడాలి. పాత ఆయిల్ ఫిల్టర్‌ను కోసి, లోపలి కాగితాన్ని ఎండలో విప్పి చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి: అయస్కాంతానికి అంటుకునే రజను ఇనుముది, అంటుకోకుండా రాగిరంగులో మెరిసే పొలుసులు కనిపిస్తే బేరింగుల పైపూత అరిగిపోయి అడుగుపొర బయటపడిందని అనుకోవాలి. అలాంటి ఇంజన్‌ను రింగులు మార్చి మూసేస్తే డబ్బు దండగ. క్రాంకు (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు) కూడా బయటికి రావలసిందే.

కాలం, చోటు

మన ప్రాంతంలో ఈ పనికి సంక్రాంతి దాటాక మొదలుపెట్టి ఉగాదిలోపు ముగించడం ఉత్తమం. జూన్ నుంచి వానలు, అవి తగ్గేసరికి తుపాన్ల కాలం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీ వచ్చినప్పుడు నా మొదటి ఇంజన్ బ్లాకు అప్పుడే బోరింగ్ (సిలిండర్లను పెద్ద సైజుకు కోయడం) అయి వచ్చి, పెరటి రేకుల కింద ఉంది. కరెంటు లేదు, మనసంతా ఇంటి పైకప్పు మీద ఉంది, బ్లాకు సంగతి ఎవరికీ గుర్తు లేదు. మూడో రోజు గోనెపట్టా తీసి చూస్తే శుభ్రంగా మెరుస్తూ ఉండాల్సిన సిలిండర్ గోడల మీద ఎర్రటి తుప్పు మరకలు దిగి ఉన్నాయి. మళ్లీ హోనింగ్ (గోడలను సన్న రాయితో రుద్దించడం) చేయించవలసి వచ్చింది. కొత్తగా కోసిన పోత ఇనుముకు ఆయిల్ పూత లేకపోతే, వానాకాలంలో ఒక్క రాత్రి చాలు తుప్పు పట్టడానికి.

చోటుకు మూడు షరతులు: పైన కప్పు, కింద సిమెంటు గచ్చు, తలుపుకు తాళం. మట్టినేల మీద జాకీ కుంగుతుంది, దుమ్ము లేస్తుంది, పడిపోయిన వాషర్ మళ్లీ కనిపించదు. గచ్చు లేకపోతే కనీసం మందపాటి చెక్కపలకలు పరచాలి. వడ్లు తూర్పారబట్టే కళ్లం పక్కన, రోడ్డు వైపు తెరిచి ఉన్న వసారాలో ఇంజన్ తెరవకూడదు. మోటారు, సానరాయి, గ్రైండరు వంటివి అదే గదిలో వాడకూడదు. వాటి నుంచి రాలే రజను బేరింగుల్లో చేరితే కొత్త క్రాంకు కూడా గీతలు పడుతుంది.

ఇంజన్‌ను ఎత్తే సంగతిని ఇక్కడే తేల్చుకోవాలి. గేరుబాక్సుతో కలిపితే రెండు వందల కిలోలు దాటే బరువది. పెంకుటిల్లు దూలానికో, పెరటి మామిడి కొమ్మకో చైన్ కుప్పీ (బరువులెత్తే గొలుసు కప్పీ) కట్టడం మన ఊళ్లలో చూస్తుంటాం, కానీ లోపల చెద తిన్న దూలం పైకి గట్టిగానే కనిపిస్తుంది. మందపాటి ఇనుప పైపుల ముక్కాలి స్టాండును అద్దెకు తెచ్చుకుని, దాని కాళ్లు జారిపోకుండా కిందిభాగాన్ని చుట్టూ గొలుసుతో బిగించి, ఒక టన్ను కుప్పీ వాడండి. వేలాడుతున్న ఇంజన్ కింద చెయ్యి గాని, కాలు గాని పెట్టకూడదు. బండి కింద దూరవలసి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా, రైల్వే స్లీపర్ ముక్కల వంటి గట్టి దిమ్మలు పెట్టాలి.

లేత్ షాపు, విడిభాగాలు: ఏది ముందు, ఏది తర్వాత

ఇంటి దగ్గర చేసే పని ఎక్కడ ఆలస్యమైనా ఇక్కడే అవుతుంది, డబ్బు పోయినా ఇక్కడే పోతుంది. ఇంట్లో మనం విప్పడం, కడగడం, కొలవడం, తిరిగి కట్టడం చేయగలం. బోరింగ్, హోనింగ్, క్రాంకు గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్, వాల్వు సీట్లు కోయడం మాత్రం షాపు పని. చిన్న లేత్ షాపులు ప్రతి ఊళ్లో ఉన్నా, క్రాంకు గ్రైండింగ్ మిషన్ ఉన్న చోటికి పర్లాకిమిడి వాళ్లు బరంపురమో, శ్రీకాకుళమో, విశాఖపట్నమో వెళ్లవలసి రావచ్చు. రాయగడ వాళ్లకు పార్వతీపురం మీదుగా విజయనగరం వెళ్లడం అనుకూలం. ఇంజన్ విప్పకముందే ఒకసారి ఊరికే వెళ్లి చూసి రండి. మిషన్ చుట్టూ శుభ్రత ఎలా ఉంది, కొలిచేటప్పుడు బోర్ గేజి వాడుతున్నారా, వేళ్లతో తడిమి సరిపోయిందంటున్నారా, పూర్తయిన పనిని ఎలా భద్రపరుస్తున్నారు, ఎన్ని రోజులు పడుతుంది అన్నవి ఆ ఒక్క ప్రయాణంలో తెలిసిపోతాయి.

ఇక అసలు సూత్రం: ముందు పిస్టన్లు చేతికి రావాలి, ఆ తర్వాతే బోరింగ్. అరిగిన బోరుకు మిల్లీమీటరులో పావు, అర, ముప్పావు, ఒకటి చొప్పున పెంచిన సైజుల పిస్టన్లు అమ్ముతారు. పాత బండ్లకు ఆ సైజులన్నీ ఎప్పుడూ దొరకవు. నా మొదటి ఇంజన్‌కు షాపు ఆయన తొందరపెట్టగా అర మిల్లీమీటరు బోరు చేయించేశాను, తీరా ఆ సైజు పిస్టన్ల కోసం రెండు నెలలు తిరిగాను. పిస్టన్లు ముందే ఉంటే ఇంకో మేలు కూడా ఉంది: పెట్టె మీద అచ్చువేసిన అంకెను కాకుండా, పిస్టన్ స్కర్టును (కిందిభాగాన్ని) మైక్రోమీటరుతో కొలిచి, దానికి కావలసిన సందును కలిపి, ఆ కొలతకు బోరు చేయమని షాపుకు చెప్పవచ్చు. క్రాంకుకూ ఇదే నియమం. అండర్‌సైజు బేరింగులు (గ్రైండింగ్‌తో సన్నబడిన క్రాంకుకు సరిపోయేవి) దొరుకుతాయని నిర్ధారించుకున్నాకే గ్రైండింగ్‌కు ఇవ్వాలి.

మీ ఇంజన్‌కు తడి లైనర్లుంటే, అంటే లైనర్ వెలుపలి గోడకు నీళ్లు నేరుగా తగిలే రకమైతే, బోరింగ్ అవసరం పడదు; లైనర్లు, పిస్టన్లు, రింగులు ఒకే సెట్టుగా కొనవచ్చు. మన జీపుల్లో వచ్చిన 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజన్ అలాంటిదే, దాని బోరు 90 మిల్లీమీటర్లు, స్ట్రోకు 83. అయితే కొత్త లైనర్ అంచు బ్లాకు ముఖం కన్నా మాన్యువల్‌లో చెప్పినంత ఎత్తులో నిలవాలి, నాలుగూ ఒకే ఎత్తులో ఉండాలి. లేకపోతే హెడ్ పేకింగ్ ఎంత మంచిదైనా నిలవదు. అందుకని అడుగున వేసే సీళ్లు, సైజు వాషర్లు ముందుగానే తెచ్చుకోవాలి.

షాపుకు ఇచ్చే పనిని నోటితో చెప్పి రాకండి. సరిహద్దులో తెలుగు, ఒడియా, ఇంగ్లీషు కలిసిపోయిన మాటలతో పని నడుస్తుంది, మాటల వల్ల ఎవరికీ ఇబ్బంది ఉండదు, ఇబ్బందంతా అంకెలతోనే. 'ఇరవై సైజు' అంటే ఒకరికి అంగుళంలో వెయ్యింట ఇరవై వంతులు, అంటే దాదాపు అర మిల్లీమీటరు. ఇంకొకరికి మిల్లీమీటరులో వందింట ఇరవై వంతులు. ప్రతి సిలిండర్‌కు, క్రాంకు మీద బేరింగులు కూర్చునే ప్రతి జర్నల్‌కు కావలసిన తుది కొలతను మిల్లీమీటర్లలో కాగితం మీద రాసి, రెండు ప్రతులు తీసి, ఒక దాని మీద షాపువారి సంతకం తీసుకోండి.

పనిముట్లు, కొలతలు

సాధారణ స్పానర్లు, రింగు స్పానర్లు, సాకెట్ల సెట్టు ఉన్నాయనుకుంటున్నాను. వీటికి తోడు టార్క్ రెంచి, ఫీలర్ గేజి, రింగు కంప్రెసర్, వాల్వు స్ప్రింగు నొక్కే బిగింపు తప్పనిసరి. హెడ్ బోల్టులను 'నా చేతి బిగువు నాకు తెలుసు' అని బిగించడం వల్ల ఎన్ని పేకింగులు పోయాయో ఏ మిస్త్రీని అడిగినా చెబుతారు. మైక్రోమీటరు, బోర్ గేజి కొనలేకపోతే ఐటీఐలో చదువుకున్న స్నేహితుడి దగ్గర రెండు రోజులు ఎరువు తెచ్చుకోండి. ఆ రెండు రోజులూ కొలవడానికే కేటాయించండి.

సిలిండర్‌ను పైన, మధ్యలో, కింద మూడు ఎత్తుల్లో, ప్రతి ఎత్తులో క్రాంకు పొడవునా ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి కొలవాలి. పై రింగు ఆగే చోటికి కాస్త దిగువన, అడ్డదిశలో అరుగుదల ఎక్కువగా కనిపిస్తుంది. కొలిచేటప్పుడు ఎండ సంగతి మరవకూడదు. పోత ఇనుము ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు పదకొండు మైక్రాన్లు పెరుగుతుంది. ఎండకు కాగిన బ్లాకు, గదిలో ఉన్న గేజికి మధ్య ఇరవై డిగ్రీల తేడా ఉంటే 90 మిల్లీమీటర్ల బోరులో దాదాపు 0.02 మిల్లీమీటరు అబద్ధం కనిపిస్తుంది. మనం వెతికే సందులు అలాంటి అంకెల్లోనే ఉంటాయి. బ్లాకును, గేజిని ఒకే గదిలో రాత్రంతా ఉంచి, తెల్లవారుజామున కొలవండి.

డబ్బు, కాగితాలు

ఖర్చును విడిభాగాలు, షాపు పని, రవాణా, చిల్లర (ఆయిల్, పేకింగు, సబ్బు, గుడ్డల వంటివి) అని నాలుగు భాగాలుగా రాసుకుని, వచ్చిన మొత్తానికి మూడో వంతు అదనంగా చేతిలో ఉంచుకోవాలి, ఎందుకంటే విప్పాక బయటపడే ఆయిల్ పంపు, క్లచ్ ప్లేటు, మౌంటింగ్ రబ్బర్ల వంటివి ముందు లెక్కకు రావు. బ్లాకు మీది ఇంజన్ నంబరును ఫోటో తీసి ఆర్.సి.తో పోల్చుకోండి. ఫేసింగ్‌లో ఆ నంబరు చెరిగిపోకుండా చూడమని షాపుకు కాగితం మీదే రాయాలి. బ్లాకే మార్చవలసి వస్తే, అమ్మినవారి బిల్లుతో ఆర్.టి.ఓ. కార్యాలయంలో కొత్త నంబరు నమోదు చేయించే దాకా బండి రోడ్డెక్కకూడదు.

విప్పే రోజు

ముందురోజు ఇంజన్‌ను బయటినుంచి కడిగి ఆరబెట్టాలి. బ్యాటరీ మైనస్ తీగ మొదట తీయాలి. రేడియేటర్‌లో కూలెంటు ఉంటే మూత ఉన్న డబ్బాలోకి పట్టాలి, అది తియ్యగా ఉండి పశువులు, కుక్కలు తాగితే ప్రాణం తీస్తుంది. పాత ఆయిల్ కాలువలో గాని, బావి దగ్గర గాని పారబోయకుండా, కొనుక్కునే షెడ్డుకు ఇవ్వండి.

గొట్టాలు, వైర్లు విప్పకముందు నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయండి. ఫోను నూనె చేతులతో పట్టుకోలేం, అందుకు పక్కన ఒక పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకుంటే మంచిది. మా అక్క కొడుకు ఆ రోజు తీసిన ఫోటోలే వాక్యూమ్ గొట్టాల దారి మళ్లీ చూపించాయి. చీటీలు కాగితంతో చేయకండి. డీజిల్ తగిలితే పెన్ను రాత కరిగిపోతుంది. పాత డబ్బా రేకును చిన్న ముక్కలుగా కత్తిరించి, మేకుతో గీసి రాసి, సన్న తీగతో కట్టాలి. పుష్‌రాడ్లు, టాపెట్లు (వాల్వులను తెరిచే కడ్డీలు, వాటి కింది దిమ్మలు) ఏ స్థానంలోంచి వచ్చాయో అదే స్థానంలోకి వెళ్లాలి. అట్టపెట్టె మూతకు ఎనిమిది రంధ్రాలు చేసి, ముందువైపు ఏదో బాణం గీసి, వరసగా గుచ్చితే సరిపోతుంది. వాల్వులకు, కాటర్లకు (వాల్వు స్ప్రింగును పట్టి ఉంచే చిన్న బిళ్లలకు) గుడ్ల అట్టలు బాగా పనికివస్తాయి.

మెయిన్ బేరింగు మూతలు, కనెక్టింగ్ రాడ్డు మూతలు దేనిది దానికే సరిపోయేలా కోసినవి. ఒకదానిది ఇంకొకదానికి వేస్తే క్రాంకు బిగుసుకుంటుంది. విప్పకముందే వాటి మీద అంకెలు ఉన్నాయేమో చూసి, లేకపోతే రాడ్డు మీద, మూత మీద ఒకే వైపున సెంటర్ పంచితో చుక్కలు కొట్టండి: మొదటి సిలిండర్‌కు ఒకటి, రెండో దానికి రెండు. టైమింగ్ గుర్తులు (వాల్వులు, డీజిల్ పంపు సరైన వేళకు పనిచేసేలా పెట్టిన గుర్తులు), పంపు ఫ్లాంజి గుర్తు కలిసే చోటికి ఇంజన్‌ను తిప్పి ఉంచి, ఆ స్థితిలో ఫోటో తీశాకే గొలుసు లేదా గేర్లు విప్పాలి. పాత పేకింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, అందుకని వాటిని నీళ్లతో తడిపి, సన్నని ధూళిని ఆపే మాస్కు పెట్టుకుని గీకాలి.

బ్లాకు తిరిగి వచ్చే రోజుకు

ఇది ఆఖరి ఏర్పాటు, చాలామంది వదిలేసే ఏర్పాటు. హోనింగ్ రాయి నుంచి రాలిన సన్నని ఇసుక సిలిండర్ గీతల్లో ఇరుక్కుని ఉంటుంది. డీజిల్, కిరోసిన్ దాన్ని బయటికి తేలేవు. వేడినీళ్లు, బట్టల సబ్బు పొడి, గట్టి బ్రష్షు మాత్రమే తెస్తాయి. బ్లాకు రాకముందే రెండు పెద్ద గిన్నెల్లో నీళ్లు కాగే ఏర్పాటు, ఆయిల్ దారుల్లోకి దూరే పొడవాటి సన్న బ్రష్షు, గాలి కొట్టే పంపు, ఆయిల్ డబ్బా, పెద్ద ప్లాస్టిక్ కవరు, ఉతికిన తెల్ల పంచె ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలి. ఆయిల్ దారుల చివరి ప్లగ్గులను షాపులోనే విప్పించి బ్లాకును తీసుకురావాలి, విప్పకుండా లోపల కడగడం కుదరదు.

కడిగాక, గాలి కొట్టి, పంచె ముక్కకు ఒక చుక్క ఆయిల్ రాసి సిలిండర్ గోడను పైనుంచి కిందికి తుడవండి. గుడ్డ మీద బూడిదరంగు మరక పడితే ఇసుక ఇంకా ఉన్నట్టే, మళ్లీ సబ్బునీళ్లు పట్టాలి. నా రెండో ఇంజన్‌కు నాలుగోసారి కడిగాక గుడ్డ తెల్లగా వచ్చింది. తెల్లగా వచ్చిన ఆ నిమిషంలోనే, తడి ఆరగానే, గోడలకు, కోసిన ప్రతి ముఖానికి చిక్కగా ఆయిల్ పూసి, కవరు కప్పి, మూతి తాడుతో బిగించి కట్టాలి.